గంజాయి తప్పే... మరి మందు?

"మా వాడు మ్యాచ్ గెలిచిన్నాడు ఓ బీరు తాగుతడేమో గానీ, గంజాయి జోలికి మాత్రం పోడక్కా!"

ఈ మాట మా రామకృష్ణాపూర్‌లో తల్లులు ఎంత ధీమాగా అంటారో! మా ఊరే కాదు, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, గోదావరిఖని... బొగ్గు బాయిలున్న ఏ ఊరికి వెళ్లినా అంతే. కూరగాయల అంగడిలో నలుగురు ఆడవాళ్లు కలిస్తే, పిల్లల చదువుల తర్వాత ఈ మధ్య వచ్చే ముచ్చట ఇదే. ఫలానా వాళ్ల పోరణ్ణి గంజాయితో పట్టుకున్నారట అనగానే అందరి గుండెలూ గుభేలుమంటాయి. ఎవరి కొడుకుని వాళ్లు మనసులో ఒకసారి తడిమి చూసుకుంటారు. "మా వాడిది తాగుడు వరకే" అనుకోగానే ప్రాణం కుదుటపడుతుంది.

ఆ కుదుటపడటం న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

గంజాయిని వెనకేసుకు రావడానికి నేనిది రాయడం లేదు. అది తప్పే, ప్రమాదమే. ఎందుకు ప్రమాదమో కూడా చెబుతాను. కానీ గంజాయిని చూపించి మందుని మంచిదాన్ని చేస్తున్నామే, అది మాత్రం మింగుడుపడటం లేదు. అందులోనూ ఆటలాడే పిల్లల విషయంలో.

మా దగ్గర ఆటంటే ప్రాణం. సింగరేణి సంస్థ కార్మికులకి ఏటా పోటీలు పెడుతుంది. కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్, అథ్లెటిక్స్, వెయిట్ లిఫ్టింగ్... ఏరియాకీ ఏరియాకీ మధ్య పోటీ అంటే పండగే. మా ఠాగూర్ స్టేడియంలో తెల్లారకముందే కుర్రాళ్లు చక్కర్లు కొడుతుంటారు. సగం మంది ఆట కోసం, సగం మంది పోలీసు ఉద్యోగానికి కావలసిన 1600 మీటర్ల పరుగు కోసం. బాయిలో తండ్రుల ఉద్యోగాలు కొడుకులందరికీ రావని తెలిసిపోయాక, ఒంట్లో సత్తువే ఈ పిల్లలకి ఆస్తి. ఆ ఆస్తిని ఎవరు దోచుకుపోతున్నారో చూసుకోవద్దా?

మాకు తెలిసిన ఒక కబడ్డీ జట్టు ఉంది. ఊరూ పేరూ చెప్పను. అందులో మంచి రైడరొకడు, పంతొమ్మిదేళ్లవాడు, గ్రౌండు వెనకాల గంజాయి సిగరెట్టుతో దొరికాడు. ఆ సాయంత్రమే జట్టులోంచి తీసేశారు. "వాడితో మాట్లాడితే మీరూ బయటికే" అని మిగతా పిల్లల్ని హెచ్చరించారు. వాళ్లమ్మ ఆ ఏడు బతుకమ్మ ఆడటానికి కూడా రాలేదు. నలుగురిలో తల ఎత్తుకోలేనంది.

నెల తిరక్కుండానే అదే జట్టు ఒక కప్పు గెలిచింది. పెద్దమనుషులే రెండు పెట్టెల బీర్లు తెప్పించారు. కప్పులో పోసి చేతులు మార్చుకుంటూ తాగారు. పదిహేడేళ్ల సబ్‌స్టిట్యూట్ కుర్రాడు వద్దంటే, "ఇగ ఆటగానివైనవ్ రా, పట్టు!" అంటూ గ్లాసు చేతిలో పెట్టారట. ఆ మాట వాళ్లమ్మ నాకు నవ్వుతూనే చెప్పింది. "ఏం జేత్తం అక్కా, గెలిచినంక గాయింత తాగరా?" అని.

ఒకణ్ణి గంజాయి పేరుతో ఆట నుంచి వెళ్లగొట్టారు. ఇంకొకణ్ణి మందు చేతికిచ్చి ఆటలోకి ఆహ్వానించారు. ఈ రెండూ చేసింది ఒకే మనుషులు!

పిల్లలేమీ అమాయకులు కాదు, ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. ఆ రైడర్ స్నేహితుడొకడు నాతో వాదం పెట్టుకున్నాడు. "ఆంటీ, అమెరికాల పెద్దపెద్ద ఆటగాళ్లే గంజాయి తాగుతరు. అక్కడ తప్పే గాదు. మందుకన్నా అదే నయం!" అన్నాడు. వాడి మాటలో సగం నిజం ఉంది. సగం నిజంతోనే పిల్లలు మోసపోతారు. అందుకే ఆ సగమేదో, మిగతా సగమేదో మనం తెలుసుకుని ఉండాలి.

రూల్సు ఏమంటున్నాయి?

ప్రపంచంలో ఆటగాళ్లకి మందులూ మత్తుల పరీక్షల నియమాలు పెట్టేది 'వాడా' అనే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ. దాని నిషేధ జాబితాలో గంజాయి ఉంది. ఎప్పుడు పడితే అప్పుడు కాదు, పోటీ సమయంలో మాత్రమే. పోటీకి ముందురోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుంచి ఆ నిషేధం మొదలవుతుంది.

మరి మద్యం? 2017 దాకా విలువిద్య, మోటారు పందేలు, విమాన క్రీడలు, మోటారు పడవల పందేలు అనే నాలుగింటిలో పోటీ సమయంలో నిషేధం ఉండేది. విలుకాడికి ఎందుకంటారా? కొంచెం పుచ్చుకుంటే చెయ్యి వణుకు తగ్గుతుంది కాబట్టి. 2018 జనవరి 1 నుంచి ఆ నాలుగింటిని కూడా జాబితాలోంచి తీసేశారు. అవసరమైతే ఆయా ఆటల సంఘాలే చూసుకోవాలన్నారు. అంటే ఇవాళ ప్రపంచ నిషేధ జాబితాలో మద్యం లేనే లేదు.

ఒక వస్తువుని ఆ జాబితాలో పెట్టడానికి మూడు కొలతలున్నాయి. అది ఆటలో అన్యాయంగా బలం ఇస్తుందా, ఆరోగ్యానికి చేటా, క్రీడా స్ఫూర్తికి విరుద్ధమా అని చూస్తారు. మూడింటిలో ఏ రెండు ఉన్నా పెట్టవచ్చు. ఈ కొలతతో 2022లో గంజాయి గురించి మళ్లీ సమీక్షించి, అలాగే ఉంచాలని తేల్చారు. సరే, మంచిదే. కానీ ఆరోగ్యానికి చేటు, క్రీడా స్ఫూర్తికి విరుద్ధం అనే ఆ రెండు కొలతలూ మందుకి పెట్టి చూస్తే? జవాబు నేను చెప్పక్కర్లేదు. తాగొచ్చిన మగడికి తలుపు తీసిన ఏ ఇల్లాలైనా చెబుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. మద్యం కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో దాక్కుంటుంది. రోజూ తాగేవాళ్ల మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది. పండక్కి పీకలదాకా తాగినవాడు రెండ్రోజుల తర్వాత పరీక్షలో కడిగిన ముత్యంలా బయటపడతాడు. వారం కింద గంజాయి పీల్చినవాడు దొరికిపోవచ్చు. ఈ కారణంగానే 2013లో వాడా గంజాయి పరీక్ష హద్దుని 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచింది. పోటీ సమయంలో తాగినవాడే దొరకాలి గానీ, ఎప్పుడో తాగినవాడు కాదని.

2021లో అమెరికా పరుగుల రాణి షకారీ రిచర్డ్‌సన్ కథ చాలామంది చదివే ఉంటారు. టోక్యో ఒలింపిక్స్ ఎంపిక పోటీల్లో వంద మీటర్లు గెలిచింది. ఆ సమయంలోనే కన్నతల్లి చనిపోయిన కబురు ఒక విలేకరి నోట విన్నది. ఆ దుఃఖంలో గంజాయి తాగానని తనే ఒప్పుకుంది. ఆమె తాగిన ఆరెగాన్ రాష్ట్రంలో అది చట్టరీత్యా నేరం కూడా కాదు. అయినా నెల రోజుల నిషేధం పడింది, ఎంపిక పోటీల గెలుపు రద్దయింది, టోక్యోకి వెళ్లనేలేదు. అదే రాత్రి ఆ దుఃఖంలోనే ఆమె ఒక సీసా విస్కీ తాగి ఉంటే? తలనొప్పితో లేచేది. ఒలింపిక్స్‌కి వెళ్లేది!

మా కుర్రాడి మాటలో నిజమైన సగం ఇదే. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. షకారీ శిక్ష అనుభవించి, మళ్లీ మైదానంలోకి దిగి, 2023లో బుడాపెస్ట్‌లో వంద మీటర్ల ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లలో వెండి పతకం, రిలేలో బంగారు పతకం తెచ్చుకుంది. అక్కడ తప్పు చేసిన పిల్లని నెల రోజులు నిలబెట్టి తిరిగి పరుగు పెట్టనిచ్చారు. మా కబడ్డీ పిల్లవాడికి మాత్రం తిరిగి వచ్చే దారే లేదు. అమెరికాని చూసి నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోవాలి, గంజాయి కాదు.

పెద్దాటల్లోనూ ఇదే రెండు నాలుకల ధోరణి

క్రికెట్ మన ఇళ్లలో అందరూ చూసేదే కాబట్టి అదే చెబుతాను. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఇయాన్ బోథమ్ గంజాయి తాగానని 1986లో ఒప్పుకుంటే 63 రోజులు ఆట నుంచి దూరం పెట్టారు. అదే ఇంగ్లండ్ జట్టులో ఆండ్రూ ఫ్లింటాఫ్ 2007 ప్రపంచ కప్ మధ్యలో అర్ధరాత్రి దాకా తాగి, సముద్రంలో తొక్కుడు పడవ మీద వెళ్లి గొడవలో ఇరుక్కుంటే, వైస్ కెప్టెన్సీ పోయింది, ఒక్క మ్యాచ్ పోయింది. అంతే.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ విషయంలో మాత్రం తిరగబడింది. గంజాయి గొట్టం పట్టుకున్న ఫొటో బయటపడినందుకు 2009లో మూడు నెలలు, తాగి కారు నడిపినందుకు 2014లో ఆరు నెలలు నిషేధించారు. చెప్పొద్దూ, ఈ రెండో లెక్కే నాకు సబబుగా అనిపించింది. గంజాయి ఫొటో వల్ల చెడింది అతని పేరు. తాగి నడిపిన కారు వల్ల పోయేవి ఎదుటివాళ్ల ప్రాణాలు.

మన దేశంలో టీవీలో మందు ప్రకటనలు వెయ్యకూడదని 2000 సంవత్సరంలోనే నియమం తెచ్చారు. అయితేనేం? అదే పేరుతో సోడా అమ్ముతారు, నీళ్లు అమ్ముతారు, పాటల క్యాసెట్లు అమ్మారు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు బెంగళూరు జట్టుకి ఒక మద్యం కంపెనీ యజమాని తన విస్కీ పేరే కలిసొచ్చేట్టు పేరు పెట్టాడు. మన పిల్లలు ఆ పేరున్న చొక్కాలు వేసుకుని వీధుల్లో క్రికెట్ ఆడుతున్నారు. గంజాయి కట్టకి ఇలాంటి భాగ్యం ఎప్పుడన్నా పట్టిందా?

కాదనగలిగినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికా బ్యాట్స్‌మన్ హషీమ్ ఆమ్లా తన జట్టు చొక్కా మీద బీరు కంపెనీ గుర్తు వేసుకోనన్నాడు, వేసుకోలేదు. పరుగులేమీ తగ్గలేదు. 2022 జనవరిలో ఆస్ట్రేలియా యాషెస్ గెలిచి షాంపేన్ చిమ్ముకుంటుంటే, తాగని ఉస్మాన్ ఖవాజా పక్కకి తప్పుకున్నాడు. అది చూసి కెప్టెన్ పాట్ కమిన్స్ సీసాలు పక్కన పెట్టించి, ఖవాజాని పిలిచి మధ్యలో నిలబెట్టుకున్నాడు. ఒక్క నిమిషం పని! మన పదిహేడేళ్ల కుర్రాడు వద్దన్నప్పుడు మన పెద్దమనుషులు చెయ్యాల్సింది కూడా ఆ ఒక్క నిమిషం పనే.

లెక్కలు ఏ వైపున్నాయి?

ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా చేసిన సర్వే 2019లో వచ్చింది. పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల లోపు వాళ్లలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. గంజాయి, భంగు లాంటివన్నీ కలిపి వాడేవాళ్లు 3 కోట్ల పైచిలుకు. అందులోనూ భంగు తీసేస్తే గంజాయి, చరస్ వాళ్లు కోటీ ముప్పై లక్షలు. తాగుడు సమస్యకి సాయం అవసరమైనవాళ్లు 5 కోట్ల 70 లక్షలయితే, గంజాయి రకాల వల్ల అలా సాయం అవసరమైనవాళ్లు 72 లక్షలు. తాగుడు చట్టబద్ధం కాబట్టి తాగేవాళ్లు ఎక్కువ, అందుకే చేటూ ఎక్కువ అనవచ్చు. నేను చెప్పేదీ అదే కదా! తప్పు కాదన్న చోటే చేటు పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యం వల్ల ఏడాదికి 26 లక్షల మంది చనిపోతున్నారు. మిగతా మత్తు పదార్థాలన్నీ కలిపితే 6 లక్షలు. మద్యం క్యాన్సర్ కారకమని 1988లోనే తేల్చారు. ఇక మన తెలంగాణ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మగవాళ్లు నూటికి 43 మంది తాగుతామని చెప్పారు. పెద్ద రాష్ట్రాల్లో ఇంత ఎక్కువ ఎక్కడా లేదు. 2025లో రాష్ట్రంలో 2,620 మద్యం షాపులకి లాటరీ తీస్తే, తిరిగి ఇవ్వని మూడు లక్షల రూపాయలు కట్టి దాదాపు 95 వేల దరఖాస్తులు పెట్టారు! లాటరీ తగలకపోయినా పరవాలేదనుకుని అంత డబ్బు పెట్టారంటే, తగిలితే ఎంత మిగులుతుందో, ఎవరి ఇళ్లలోంచి మిగులుతుందో ఊహించుకోండి. మా దగ్గర దసరాకి లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డ రోజున ఏ షాపు ముందు ఎంత లైను ఉంటుందో చూస్తే ఆ ఊహ కూడా అక్కర్లేదు.

ఆటగాడి ఒంటికి ఏది ఏం చేస్తుంది?

మందు తాగితే ఒంట్లో నీళ్లు పోతాయి. నిద్ర పట్టినట్టే ఉంటుంది, కానీ గాఢనిద్ర చెడుతుంది. రోజంతా ఆడి అలసిన కండ రాత్రి పూట మరమ్మతు చేసుకోవాలి. తాగిన రాత్రి ఆ మరమ్మతు మందగిస్తుంది. దెబ్బ తగిలిన చోట వాపు పెరుగుతుంది. "తాగితే ఒళ్లునొప్పులు పోతయి" అని బాయి పనిచేసే మగవాళ్లు, కబడ్డీ పిల్లలు కూడా అంటారు. నొప్పి పోదు, నొప్పి తెలియకుండా పోతుంది. తెలియని నొప్పి మీద మర్నాడు మళ్లీ ఆడితే మోకాలు పోతుంది.

గంజాయి గుండె వేగం పెంచుతుంది. కాలు, చెయ్యి, కన్ను కలిసి పనిచేసే తీరుని దెబ్బతీస్తుంది. స్పందన ఆలస్యమవుతుంది. రైడర్‌కి అరసెకను ఆలస్యమంటే దొరికిపోయినట్టే. పొగ రూపంలో పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. అసలే బొగ్గుపొడి గాలి పీల్చే ఊళ్లు మావి! అన్నిటికన్నా ముఖ్యం, ఇరవై అయిదేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయసులో రోజూ గంజాయి తాగేవాళ్లలో కొందరికి లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి మానసిక జబ్బులు వచ్చే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. పైగా ఇప్పటి గంజాయి పాతకాలపు సాధువుల గంజాయి కాదు. అమెరికాలో పట్టుబడిన సరుకులో మత్తు పదార్థం 1995లో నూటికి 4 వంతులుంటే ఇటీవలి కాలంలో 15 దాటింది.

కాబట్టి "మందుకన్నా గంజాయి నయం" అన్న కుర్రాడిదీ తప్పే, "గంజాయికన్నా మందు నయం" అన్న తల్లిదీ తప్పే. నాగుపాము మంచిదా, కట్లపాము మంచిదా అని బేరీజు వేసుకుంటూ రెంటినీ ఇంట్లో ఉంచుకున్నట్టుంది.

ఆ కుర్రాడు మర్చిపోయిన మిగతా సగం

అమెరికా చట్టం అమెరికాలో. ఇక్కడ మనకున్నది 1985 నాటి మత్తు పదార్థాల చట్టం. గంజాయి తాగినందుకే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో లోపు దగ్గర పెట్టుకుంటే ఏడాది దాకా జైలు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాదు, ఇరవై ఏళ్ల దాకా. తాగడం అలవాటైన పిల్లవాడి చేతికి డబ్బు లేనప్పుడు, "ఈ సంచి ఫలానా చోట ఇచ్చిరా, నీకు ఊరికే ఇస్తా" అనేవాడు తప్పక దొరుకుతాడు. సంచిలో ఎన్ని కిలోలున్నాయో వాడు తూచి చూసుకోడు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో ఎకరాలకెకరాలు తోటలు నరికినా, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్ర పోలీసులు రెండు లక్షల కిలోలు ఒక్క రోజున తగలబెట్టినా, సంచులు మోసేవాళ్లకి కొదవ లేదు. దొరికేది ఎప్పుడూ మోసేవాడే, మోయించేవాడు కాదు.

ఒక్క కేసు పడితే ఏమవుతుంది? పోలీసు ఉద్యోగానికి, సైన్యానికి, ఆటగాళ్ల కోటా ఉద్యోగానికి వెళ్లినప్పుడు పూర్వాపరాల విచారణ ఉంటుంది. రోజూ తెల్లారి 1600 మీటర్లు పరుగెత్తి సంపాదించుకున్న సత్తువంతా ఆ కాగితం ముందు దిగదుడుపే. మందు తాగితే ఒళ్లు మెల్లగా పోతుంది, గంజాయితో దొరికితే బతుకు ఒక్కరోజులో తలకిందులవుతుంది. మా పిల్లలకి ఈ తేడా చెప్పి తీరాలి. "అది చెడు, ఇది మంచి" అని కాదు, "అది ఇలా ముంచుతుంది, ఇది అలా ముంచుతుంది" అని.

మనకి చేతకాని పనా?

మందుకి 'మందు' అని ముద్దు పేరు పెట్టుకున్న జాతి మనది. అయినా దాన్ని ఊరి పొలిమేర దాటించిన చరిత్ర కూడా మన ఆడవాళ్లదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ అనే ఒక మామూలు పల్లెటూరి మనిషి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తేశారు. నిషేధం ఉన్నన్నాళ్లూ దొంగసారా ఏరులై పారిందన్నారు, ఖజానాకి చిల్లు పడిందన్నారు. అదీ అబద్ధం కాదు. ఒక్క చట్టంతో తాగుడు పోదని ఆ రోజులు నేర్పాయి. కానీ అప్పుడు ఒక మార్పు వచ్చింది. తాగి రోడ్డు మీద పడటం మగతనం కాదు, సిగ్గుమాలినతనం అనే మాట ఊళ్లల్లో వినిపించింది. ఆ మాటనే మనం పోగొట్టుకున్నాం.

ఇప్పుడు గంజాయి మీద ర్యాలీలు తీస్తున్నారు, బడుల్లో ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. 2023లో రాష్ట్రానికి ప్రత్యేక మాదకద్రవ్య నిరోధక విభాగం పెట్టారు. 2025లో దానికి 'ఈగల్' అని పేరు మార్చి బలం పెంచారు. మంచిదే. కానీ ప్రతిజ్ఞ చేయించిన పెద్దమనిషి సాయంత్రం అదే మైదానంలో సీసా తెరిస్తే పిల్లలు దేన్ని నమ్మాలి? నోటితో చెప్పినదాన్నా, చేత్తో చేసినదాన్నా?

నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు.

మొదటిది, మైదానం గడప లోపలికి మందు రాకూడదు. గెలిచినా, ఓడినా, స్పాన్సర్ ఎంత పెద్దవాడైనా. ఇది రాయించి గేటుకి తగిలించాలి. బాయిలోకి మత్తులో ఉన్నవాణ్ణి దిగనివ్వరు. ఎందుకంటే వాడొక్కడు కాదు, పక్కన పైకప్పు కింద నిలబడ్డ పదిమంది ప్రాణాలూ వాడి మీదే ఉంటాయి. బాయికి ఉన్న ఆ నియమం మైదానానికి ఎందుకుండకూడదు? అక్కడా పక్కన ఉన్నవి పసి ప్రాణాలే.

రెండోది, కప్పు గెలిచిన పిల్లలకి బీరు పెట్టెలు కాదు, కడుపునిండా అన్నం పెట్టండి. మటన్ వండమంటే మేం వండుతాం. నలుగురు తల్లులు చేతులు కలిపితే యాభైమందికి వంట ఒక లెక్కా? ఆ రోజు తల్లులు కూడా మైదానంలో ఉంటారు. తల్లులున్న చోట సీసా తెరవడానికి ఎవరికైనా కొంచెం జంకు ఉంటుంది.

మూడోది, గంజాయితో దొరికిన పిల్లవాణ్ణి వెలివెయ్యకండి. చాలామందికి తెలియని సంగతి ఒకటి అదే చట్టంలో ఉంది. 64-ఎ సెక్షన్. అమ్మేవాడు కాకుండా, అలవాటుపడి కొద్దిగా దగ్గర పెట్టుకున్నవాడు తనంతట తాను ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట పూర్తిగా చికిత్స చేయించుకుంటే, శిక్ష నుంచి రక్షణ ఉంది. చట్టం కూడా తలుపు మూసెయ్యలేదు. మనం మూసేస్తున్నాం. దారి తెలియకపోతే మత్తు విడిపించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన 14446 నంబరుకి డబ్బు లేకుండా ఫోన్ చెయ్యవచ్చు. తాగుడుకీ అదే నంబరు. సిగ్గుపడక్కర్లేదు, జ్వరమొస్తే ఆస్పత్రికి వెళ్లట్లేదూ!

నాలుగోది ఇంట్లోది. "మా వాడు బీరు వరకే" అనే మాట మానేద్దాం. ఆ మాట వింటూ పెరిగిన పిల్లవాడికి బీరు హద్దు కాదు, మొదటి మెట్టు. "నాన్న తాగుతడు గదా?" అని కొడుకు అడిగితే మాట దాటెయ్యకుండా, "నాన్న చేసేదీ తప్పే, నీకు వద్దు" అని మొగుడి ఎదురుగానే అనగలగాలి. కష్టమే. ఆ రాత్రి ఇంట్లో గొడవే కావచ్చు. కానీ ఆ గొడవ పడకుండా దాచుకున్న శాంతికి తర్వాత ఎంత వడ్డీ కట్టాలో మా వాడకట్టులో చాలామందికి తెలుసు. జీతం కాగితం మీద కోతలు, చిట్టీ పాడిన డబ్బు, తాకట్టు పుస్తెలు... ఆ వడ్డీయే.

కథల్లో తాగుబోతు మొగుణ్ణి మనం ఎన్నోసార్లు చూశాం, నేనూ రాశాను. ఆ మొగుడు మొదటిసారి గ్లాసు ఎప్పుడు పట్టాడో ఎవరమూ రాయలేదు. మా ఊళ్లో అడిగితే సగం మంది చెప్పేది ఒకటే. "కబడ్డీ గెలిచిన్నాడు, మా పెద్దోళ్లే పోసిన్రు."

ఈసారి మీ ఊళ్లో పోటీలు జరిగినప్పుడు, ఫైనల్ రోజున ఇంట్లో ఉండిపోకండి. కొంగు బిగించి, టిఫిన్ డబ్బా పట్టుకుని, మైదానానికి వెళ్లి ముందు వరసలో కూర్చోండి. గెలిచిన పిల్లల చేతికి మొదట అందేది ఏదో మీరే చూసుకోండి.